చూసేది చీమ అయితే?

గాజువాక నుంచి ఒక ఇంటర్ అమ్మాయి అడిగింది: "ఎవరైనా చూస్తే ఎలక్ట్రాన్ ఒకలా, చూడకపోతే ఇంకోలా ఉంటుందట కదండీ. మరి చూసేది చీమ అయితే?"

ఎంత మంచి ప్రశ్న! రెండు చీలికల ప్రయోగం గురించి చాలామంది వినే ఉంటారు, అందుకే ఒక్క మాటలో చెబుతాను: ఒక్కొక్కటిగా పంపిన ఎలక్ట్రాన్లు రెండు చీలికల్లోంచీ అలల్లా వెళ్లి తెర మీద చారలు వేస్తాయి, వాటినే వ్యతికరణ పట్టీలు అంటారు; ఏ చీలికలోంచి వెళ్లిందో కనిపెడితే ఆ పట్టీలు పోతాయి. చిక్కంతా 'అబ్జర్వర్' అన్న మాటతోనే. ఆ మాట వినగానే మనకు ఎన్నికలప్పుడు కలెక్టరాఫీసుకు వచ్చే అధికారి గుర్తొస్తాడు. క్వాంటం భౌతికశాస్త్రంలో మాత్రం జరిగినదాని ఆనవాలు దేనిమీద మిగిలితే అదే అబ్జర్వర్. దానికి కళ్లు, మనసు అక్కర్లేదు.

ఆర్కే బీచ్‌లో తెల్లవారకముందే ఎవరో తడి ఇసుక మీద నడిచి వెళ్లారనుకోండి. చూసినవాళ్లు లేరు. అయినా ఆయన కురుసుర సబ్‌మెరైన్ వైపు వెళ్లాడని మడమ, వేళ్ల గుర్తులు చెప్పేస్తాయి. అదే రోడ్డు పక్కన పొడి ఇసుకలో నడిస్తే గుంటలే మిగులుతాయి, ఎటు వెళ్లాడో తేలదు.

ఈ తడి ఇసుకకీ పొడి ఇసుకకీ ఉన్న తేడాను 2004లో వియన్నా విశ్వవిద్యాలయం వాళ్లు అణువులతోనే చూపించారు. 70 కార్బన్ పరమాణువులున్న ఫుల్లరీన్ అణువుల్ని లేజర్‌తో వేడిచేసి, సన్నటి జాలీల గుండా పంపారు. వేడెక్కిన అణువు దారిలో ఫోటాన్లను, అంటే కాంతి కణాలను వదులుతుంది. అలలా వెళ్లే ఆ అణువు రెండు దారుల మధ్య ఎడం సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఫోటాన్ తరంగదైర్ఘ్యం అంతకంటే బాగా ఎక్కువైతే అది ఏ దారిలోంచి వచ్చిందో తేలదు. అది పొడి ఇసుక. తరంగదైర్ఘ్యం ఆ ఎడం దరిదాపులకు దిగితే తడి ఇసుక. వేడి పెరిగేకొద్దీ ఫోటాన్ల తరంగదైర్ఘ్యం తగ్గుతుంది. అందుకే వేడి పెంచేకొద్దీ వ్యతికరణ పట్టీలు ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా వెలిసిపోయి, 3000 కెల్విన్ల దగ్గరికి వచ్చేసరికి మాయమయ్యాయి. ఆ ఫోటాన్లను ఎవరూ పట్టి చూడలేదు. బయటికి పోయాయి, అంతే. అదే సరిపోయింది.

ఇసుక పోలిక ఇక్కడివరకే పనికొస్తుంది. అడుగు పడినంత మాత్రాన మనిషి నడక మారదు. ఇక్కడ మాత్రం అణువు స్థితి ఫోటాన్ స్థితితో పెనవేసుకుపోయి, రెండు దారుల అలల మధ్య ఉన్న పొంతన (దశా సంబంధం) అణువులో ఇక కనిపించదు. పట్టీలు పోయేది అందుకే.

"గట్టిగా అనుకుంటే లోకం మారుతుంది, క్వాంటం సైన్సే చెప్పింది" అంటూ డబ్బులు తీసుకుని క్లాసులు చెప్పేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ పట్టీలు చెరిగింది వేడివల్ల, ఎవరి సంకల్పంవల్లా కాదు. మాస్టార్లకు కూడా ఒక మనవి: బోర్డు మీద చీలికల పక్కన కన్ను బొమ్మ వేయకండి, దూరంగా పోతున్న ఒక ఫోటాన్ వేయండి. పిల్లలకు సగం గందరగోళం తప్పుతుంది.

ఇక చీమ సంగతి. అది ఎలక్ట్రాన్‌ని చూడాలంటే ముందు కాంతి ఎలక్ట్రాన్‌కి తగిలి దాని కంటికి చేరాలి. ఆ తగలడంతోనే పని అయిపోతుంది, చీమ కళ్లు మూసుకున్నట్టు ఊహించుకున్నా సరే. కాంతే కానక్కర్లేదు, గాలి అయినా చాలు. 2003లో అదే వియన్నా బృందం గొట్టంలోకి కాస్త వాయువు వదిలితే పట్టీలు వెలిసిపోయాయి. అందుకే ఇలాంటి ప్రయోగాలకు అంత గట్టి శూన్యం కావాలి.