అపోహలు - వాస్తవాలు: మందిరంలో న్యాయం గురించి మాట్లాడవచ్చా?

ప్రకాశం జిల్లా పల్లెల్లో సంఘ కాపరిగా ఉంటూ, కూలి బకాయిల కోసమో శ్మశాన స్థలం కోసమో జనంతో కలిసి తహసీల్దారు కార్యాలయానికి వెళ్తుంటాను. అప్పుడల్లా విశ్వాసుల నుంచే వినిపించే మాటలకు ఇవి నా జవాబులు.

అపోహ: సువార్త ఆత్మ రక్షణకే. కూలి, భూమి అంటే రాజకీయం.

కోత కోసినవారికి ఇవ్వక బిగపట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు పత్రిక అయిదో అధ్యాయం చెబుతోంది. కూలివాడి సొమ్ము తెల్లవారే దాకా మన దగ్గర ఉంచుకోకూడదని లేవీయకాండం ఆజ్ఞ. ఇవి చదివి, పొగాకు చేలలో చేసిన పనికి డబ్బు అందని ఆడవారి పక్షాన నోరెత్తకపోతే మనం బోధించింది ఏ వాక్యం? ఫలానా పార్టీకి ఓటెయ్యమని ప్రసంగంలో చెప్పడం వేరే సంగతి. అది నేను చేయను.

అపోహ: మన తాతలు కరువులో గంజి కోసం మతం మారారు.

నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. మన పిల్లలు కూడా దీన్ని నమ్మి తల దించుకుంటున్నారు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చి కూలి చెల్లించారు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాతే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతకు పన్నెండేళ్ల ముందే, 1866లో, మాదిగవారైన యర్రగుంట్ల పేరయ్య విశ్వాసంలోకి వచ్చారు. ఆయన వెంట నడిచిన మాదిగ కుటుంబాలు చచ్చిన పశువు మాంసం మానేశాయి, ఆదివారం పనికి రామన్నాయి, జాతరల్లో డప్పు కొట్టబోమన్నాయి. ఊరి పెద్దలు బావులు మూసి, పనులు ఆపి వేధించారు. కడుపు కోసమే అయితే ఉన్న కూడు పోయే దారి ఎవరు పడతారు? ఈ నేల మీద విశ్వాసమూ ఆత్మగౌరవమూ కలిసే వచ్చాయి.

అపోహ: సంఘంలో కులం లేదు.

ఉంది. మాలపల్లె మందిరం వేరు, మాదిగపల్లె మందిరం వేరు. పెళ్లి సంబంధం దగ్గర, క్రీస్తులో అందరూ ఒక్కటే అన్న గలతీ పత్రిక మాట ఎవరికీ గుర్తురాదు. బయటివారిని న్యాయం అడిగే ముందు ఈ గోడ కూలాలి. నా సేవలో ఇంతకన్నా కష్టమైన పని లేదు.

అపోహ: క్రైస్తవుడికి చట్టం దగ్గర హక్కులు లేవు.

ఎస్సీ హోదా లేదన్నది నిజమే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దాన్ని హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినా మనల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలు బీసీ-సి కింద, ఒక్క శాతం రిజర్వేషన్‌తో ఉన్నారు. ఇది అన్యాయమని నా నమ్మకం. అయితే అంటరానితనాన్ని నిషేధించిన రాజ్యాంగం 17వ అధికరణం, కనీస వేతనం ఏ మతంవారికైనా వర్తిస్తాయి. కాబట్టి కూలి రానివారు పనిచేసిన రోజులు, రావలసిన మొత్తం కాగితం మీద రాసుకుని రండి. అవి లేకపోతే ఫిర్యాదు నిలబడటం కష్టం.