తాబేలు పిల్ల డిప్ప మీద గుట్టలు: అపోహలు, వాస్తవాలు

విజయవాడలో పెట్ డాక్టర్‌గా చేస్తున్నా. కుక్కలు, పిల్లులతో పాటు ఈమధ్య సల్కాటా తాబేలు పిల్లలు కూడా బాగానే వస్తున్నాయి. వాటిలో చాలావాటికి డిప్ప మీద పలకలు ఒక్కొక్కటి గుట్టలా పైకి లేచి, మధ్యలో గాడులు పడి ఉంటాయి, దీన్నే పిరమిడింగ్ అంటాం. తెచ్చినవాళ్లు ముందు అడిగేది "సార్, తిండి ఏం మార్చాలి?" అని. తిండి తర్వాత చూద్దాం అండీ, ముందు దాన్ని పెట్టిన చోట గాలిలో తేమ ఎంతుందో చెప్పండి అంటే ఎవరి దగ్గరా సమాధానం ఉండదు.

అపోహ: ప్రోటీన్ ఎక్కువైతేనే గుట్టలు వస్తాయి

చాలా ఏళ్లు అందరూ ఇదే నమ్మారు. 2003లో వీస్నర్, ఐబెన్ అనే ఇద్దరు పరిశోధకులు సల్కాటా పిల్లల్నే తీసుకుని, కొన్నిటిని పొడిగాలిలో, కొన్నిటిని తేమలో పెంచుతూ ప్రోటీన్ కూడా వేరువేరు మోతాదుల్లో ఇచ్చి చూశారు. పొడిగాలిలో పెరిగినవాటికే గుట్టలు ఎత్తుగా వచ్చాయి, ప్రోటీన్ వల్ల వచ్చిన తేడా చాలా స్వల్పం. డిప్ప పైపొర మన గోరులాంటి కెరటినే, కొత్తది ప్రతి పలక అంచుల్లో పెరుగుతుంది. అలా పెరిగేటప్పుడు చుట్టూ పొడిగా ఉంటే డిప్ప చదునుగా పరుచుకోదు, పలక మధ్యభాగం పైకి లేస్తూ పోతుంది, కింద ఎముక కూడా ఆ ఆకారంలోనే తయారవుతుంది. అలాగని డాగ్ ఫుడ్ పెట్టమని కాదు, సల్కాటా గడ్డి తినే జంతువు, దానికి అది అసలు పనికిరాదు.

అపోహ: ఎడారి జంతువు కదా, నీళ్లు తగలకూడదు

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే దీనివల్ల దాహంతో ఎండిపోయి వచ్చిన పిల్లల్ని చూశా. సల్కాటాది సహారాకి దక్షిణాన ఉండే సాహెల్ ప్రాంతం, నిజమే, పైన ఎండ మండిపోతుంది. కానీ అవి పగలంతా పైన తిరగవు కదా, లోతైన బొరియల్లో దాక్కుంటాయి, ఆ మట్టి లోపల గాలి చల్లగా, తేమగా ఉంటుంది. మనం ఆ బొరియ తీసేసి, న్యూస్‌పేపర్ పరిచిన డబ్బాలో హీట్ బల్బు కింద పెడుతున్నాం. పిల్లని రోజూ గోరువెచ్చటి నీళ్లలో ఓ పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి, నీళ్లు గడ్డం దాటకూడదు. తాగే నీళ్లు పల్లెంలో ఎప్పుడూ ఉండాలి.

అపోహ: మన విజయవాడ ఉక్కపోత చాలు, వేరే తేమ ఎందుకు

పటమట, భవానీపురం నుంచి వచ్చేవాళ్లు కూడా "పక్కనే కృష్ణ ఉంది కదా సార్" అంటారు. బయట ఉక్కపోత ఉంటే ఉండొచ్చు, మీ తాబేలు ఉండేది ఏసీ రూములో. ఏసీ గాలిలో తేమని లాగేస్తుంది, పైన హీట్ బల్బు పెడితే ఆ కాస్తా ఆరిపోతుంది, ఇక మే నెల మధ్యాహ్నం వడగాలి కొట్టేటప్పుడు బయట కూడా గాలి పొడిగానే ఉంటుంది. కాబట్టి అంచనాలొద్దు, గాలిలో తేమ కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి కొని తాబేలు ఎత్తులో, అడుగున పెట్టండి, గోడకి తగిలిస్తే ఉపయోగం లేదు. పిల్లకి 70 నుంచి 80 శాతం దాకా ఉండాలి, ఇంకాస్త ఎక్కువైనా ఫర్వాలేదు. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ టబ్బుకి గాలి ఆడేలా కొన్ని రంధ్రాలు పెట్టి, అడుగున నాలుగు వేళ్ల మందాన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) వేసి, నీళ్లు పోసి కలిపి పైన కాస్త ఆరనిస్తే తేమ బాగా నిలుస్తుంది. స్ప్రే ఒక్కటే కొడితే కాసేపటికి ఆరిపోతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నా, తేమ ఉన్నచోట వెచ్చదనం కూడా ఉండాలి. చలికాలం రాత్రుళ్లు తడిగా, చల్లగా వదిలేస్తే ముక్కు కారి న్యుమోనియా దాకా పోతుంది. రాత్రి కూడా వేడి 26, 27 డిగ్రీల కంటే తగ్గనివ్వకండి, వెలుగు లేని సిరామిక్ హీటర్ పెట్టుకోండి.

అపోహ: కాల్షియం పొడి వేస్తే గుట్టలు దిగిపోతాయి

దిగవు. ఒకసారి లేచిన పలక మళ్లీ చదును కాదు, ఇక మీదట పెరిగేదాన్నే మనం బాగుచేయగలం. కాల్షియం కావాలి, కాకపోతే అది ఒంటబట్టాలంటే యూవీబీ, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు కూడా కావాలి, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో అది ఉండదు, ఇంట్లో మామూలు ఎల్‌ఈడీ బల్బులోనూ ఉండదు. పొద్దున్నే లేత ఎండలో, సగం నీడ ఉండేలా బయట పెట్టండి. గాజు తొట్టిలో పెట్టి మాత్రం ఎండలో వదలకండి, నిమిషాల్లో ఉడికిపోతుంది. తిండి సంగతికొస్తే గరిక, మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకు, ముళ్లు తీసిన నాగజెముడు మంచివి. పాలకూర, గోంగూర రోజూ వద్దు, గుంటూరు వాళ్లకి గోంగూర ఎంత ఇష్టమైనా సరే, వాటిలో ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని ఒంటబట్టకుండా పట్టేసుకుంటాయి.

కొబ్బరినూనె రాయడం గురించి కూడా అడుగుతుంటారు. రాయకండి, దుమ్ము పట్టడం తప్ప ఏమీ రాదు.

అపోహ: నక్షత్ర తాబేలుకి కూడా గుట్టలుంటాయి, అది మామూలే

నక్షత్ర తాబేలుకి అడవిలో కూడా పలకలు కాస్త ఎత్తుగా ఉంటాయి, అది దాని జాతి లక్షణం. సల్కాటాకి అలా కాదు, బాగా పెరిగితే నున్నగానే ఉంటుంది. అన్నట్టు, అదృష్టం అని నక్షత్ర తాబేలుని ఇంట్లో పెట్టుకుంటే అది నేరం అండీ, వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో ఉంది, ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దు. సల్కాటా విదేశీ జాతే అయినా కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్లో రిజిస్టర్ చేయించాలి.

మార్పు వస్తోందో లేదో తెలియాలంటే నెలకోసారి పక్కనుంచీ పైనుంచీ ఫోటో తీసి పెట్టుకోండి. పలకల మధ్య లేత రంగు గీతలా కనిపించేదే కొత్త పెరుగుదల, అది చదునుగా వస్తుంటే మీ తేమ సరిపోయినట్టే. వేలితో మెల్లగా నొక్కితే డిప్ప మెత్తగా లోపలికి పోతుంటే మాత్రం అది పిరమిడింగ్ ఒక్కటే కాదు, ఎముకల జబ్బు అయ్యుండొచ్చు. అప్పుడే గుడ్డు పగిలి వచ్చిన పిల్లకి కాస్త మెత్తదనం మామూలే, నెలలు గడిచినా అలాగే ఉంటే ఎదురుచూడకుండా ఎక్స్‌రే తీయించండి.