ఉమ్మివేసిన మోతాదు: పిల్లల చేదుమందు వెనుక చరిత్ర

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగు ఇళ్లలో జ్వరపడిన పసివాడికి మందు పట్టాలంటే తరచూ ఇద్దరు పెద్దలు కావాలి. ఒకరు ఒడిలో అదిమి పట్టుకుంటే, మరొకరు నలిపిన మాత్రను నీళ్లలో కలిపి ఉగ్గుగిన్నెతో పోస్తారు. అందులో కడుపులోకి ఎంత వెళ్లిందో, గడ్డం మీదుగా ఎంత కారిపోయిందో ఎవరూ కొలవరు. పిల్లవాడి మొండితనమని మనం తీసిపారేసే ఈ వ్యవహారంలో నన్ను కలవరపెట్టేది లెక్కకు రాని ఆ నష్టమే.

చేదును విషానికి గుర్తుగా పసిగట్టి ఉమ్మివేయడం పుట్టుకతో వచ్చిన రక్షణ. ఆయుర్వేదంలోని అనుపానం, అంటే మందును తేనెతోనో నేతితోనో పాలతోనో ఇవ్వడం, చేదును మరిపించడానికీ పనికివచ్చింది. అయితే ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదని నేటి వైద్యులు గట్టిగా చెబుతున్నారు.

1936లో ఒడిశాలో చేరేదాకా ఈ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం, గంజాం జిల్లాల్లో ఉండేవి. మన్యపు చలిజ్వరానికి, అంటే మలేరియాకు, అప్పటి మందు క్వినైన్, దాని చేదు ఎరగనివారు లేరు. నాలుక లాలాజలంలో కరిగినదాన్నే రుచి చూడగలదు కనుక, రసాయనవేత్తలు క్వినైన్‌ను సరిగా కరగని రూపంలోకి మార్చి, దాదాపు రుచిలేని యూక్వినైన్ తయారుచేశారు. తరువాత టైఫాయిడ్‌కు వాడిన క్లోరాంఫెనికాల్‌కూ ఇదే ఉపాయం పనికివచ్చింది. దాని పామిటేట్ రూపం నోటిలో చేదనిపించదు, పేగుల్లో విడిపోయి అసలు మందును వదులుతుంది. ఇంత నేర్పు అన్ని మందులకూ అందలేదు.

తియ్యదనం కోసం వెతుకులాట ప్రాణాలూ తీసింది. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే సూక్ష్మక్రిమి నాశక మందును ద్రవరూపంలో అమ్మాలని, సహజంగా తీపిగా ఉండే డైఎథిలీన్ గ్లైకాల్ అనే రసాయన ద్రవంలో కరిగించి రాస్ప్‌బెరీ రుచి చేర్చారు. ఆ విషానికి 100 మందికి పైగా చనిపోయారు, వారిలో 34 మంది పిల్లలు. మందు అమ్మకముందే దాని భద్రతను నిరూపించాలన్న అమెరికా చట్టం ఆ మరుసటి ఏడాది వచ్చింది. అయినా 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగిన పసిపిల్లలను అదే రసాయనం బలిగొంది. ఇన్ని దశాబ్దాల తరువాత కూడా ఆ సీసాలోకి అది ఎలా చేరగలిగిందన్నది తల్లిదండ్రులందరూ అడగవలసిన ప్రశ్న.

మలేరియా విషయానికి వస్తే, చేదైన క్లోరోక్విన్‌ను దాటి, 2010 జాతీయ విధానం ఫాల్సిపారం అనే ప్రమాదకర మలేరియా రకం జ్వరాలన్నిటికీ ఆర్టెమిసినిన్ మిశ్రమ చికిత్సను, అంటే ఆ జాతి మందును మరో మందుతో కలిపి ఇవ్వడాన్ని, నిర్దేశించింది. వయసును బట్టి రంగులు వేరుచేసిన పొట్లాలు వచ్చాయి: ఏడాదిలోపు బిడ్డకు గులాబీ, 1 నుంచి 4 ఏళ్లకు పసుపు. రంగు మోతాదు తప్పిపోకుండా చూసింది గానీ, మాత్రను పిల్లవాడికి మింగించే కష్టాన్ని తీర్చలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల అత్యవసర మందుల తొలి జాబితాను 2007లో వెలువరించింది. 2009లో మలేరియాకు ఇచ్చే ఆర్టెమెథర్, ల్యూమెఫాంట్రిన్ మిశ్రమ మందు చెర్రీ రుచితో, నీళ్లలో వేయగానే విడిపోయే మాత్రగా వచ్చింది. విరేచనాలకు ఇచ్చే జింకు కూడా ఇప్పుడు అలాంటి మాత్రగా దొరుకుతోంది. కొండ ఊళ్లకు సీసాకంటే ఇవే అనువైనవి: మోయడానికి తేలిక, పగిలే భయం లేదు, ఇంటికో కొలత ఉండే చెంచాతో పోయవలసిన పని లేదు.

ఇంకా మిగిలిన లోటు ఒకటుంది. మలేరియా పొట్లంలో మూడు రోజులకు సరిపడా మాత్రలే ఉంటాయి. బిడ్డ మొదటి మోతాదును కక్కేస్తే, దాన్ని మళ్లీ ఇవ్వడానికి ఆశా కార్యకర్త మరో పొట్లం విప్పాలి, అది ఆ పూట ఆమె సంచిలో ఉండాలి.