దిద్దుకోమని పేపర్ చేతికిస్తే

1920లలో అమెరికాలోని కొన్ని బడుల్లో పిల్లలకు ఒక పరీక్ష పెట్టారు. రాయడం అయ్యాక పేపర్లు తీసుకున్నారు. పిల్లలు వెళ్ళిపోయాక, ఎవరు ఏ జవాబు రాశారో రహస్యంగా నకలు తీసి దాచుకున్నారు. తర్వాత అవే పేపర్లను సరైన జవాబులతో సహా పిల్లల చేతికిచ్చి, మీవి మీరే దిద్దుకోండి, మార్కులు కూడా మీరే వేసుకోండి అన్నారు. తప్పు చెరిపి ఒప్పు రాసుకున్నదెవరో నకలుతో పోల్చి చూస్తే తెలిసిపోతుంది. అసలు పరీక్ష అదే.

ఆ పని చేసినవాళ్ళు హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే ఇద్దరు పరిశోధకులు. 8 నుంచి 16 ఏళ్ళ వయసున్న సుమారు 11,000 మంది పిల్లలకు ఇలాంటి పరీక్షలు రకరకాలుగా పెట్టారు. క్లాసులో, ఆటల్లో, ఇంటికిచ్చిన పనిలో, చిల్లర డబ్బుల విషయంలో, ఎవరూ చూడటం లేదని అనిపించినప్పుడు పిల్లలు ఏం చేస్తారన్నది వాళ్ళ ప్రశ్న. 1928లో మొదటి ఫలితాలు అచ్చయ్యాయి. నిజాయితీ గల పిల్లలు ఒక పక్క, మోసం చేసే పిల్లలు ఒక పక్క ఉంటారని అందరూ అనుకుంటారు కదా, అలా విడిపోలేదు. పేపర్లో జవాబు మార్చినవాడు ఆటలో తొండి చేయకపోవచ్చు. ఆటలో తొండి చేసిన పిల్ల డబ్బులు ముట్టకపోవచ్చు. ఏది మంచి, ఏది చెడు అని అడిగితే చక్కగా చెప్పినవాళ్ళు, చేతల దగ్గరికొచ్చేసరికి మిగతావారికంటే పెద్దగా మెరుగ్గా లేరు. ఆదివారం నీతిబోధ జరిగే బడికి ఎన్ని ఎక్కువ రోజులు వెళ్ళినా మోసం తగ్గలేదు.

తర్వాతి కాలంలో కొందరు ఆ అంకెలనే మళ్ళీ లెక్కవేశారు. ఒకటి రెండు పరీక్షలను కాకుండా చాలావాటిని కలిపి చూస్తే, ప్రతి పిల్లవాడిలోనూ కొంత నిలకడైన స్వభావం కనిపిస్తుందని చెప్పారు. అది సబబే అనిపిస్తుంది. అయితే నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది ఆ పరిశోధనలో అంతగా ప్రచారం కాని మరో సంగతి. ఒకే తరగతిలో కూర్చునే పిల్లలు ఈ విషయంలో ఒకరినొకరు పోలి ఉన్నారు. టీచరుకూ పిల్లలకూ మధ్య స్నేహం, సహకారం ఉన్న తరగతుల్లో మోసం తక్కువ. అంటే నిజాయితీ పిల్లవాడి లోపల ఎంత ఉంటుందో, ఆ గది గాలిలోనూ అంత ఉంటుంది.

బడిలో విలువలు నేర్పాలి అనగానే మనకు తట్టేది ఒక పీరియడు, ఒక పుస్తకం, గోడ మీద నాలుగు సూక్తులు. నా నమ్మకం ఏమిటంటే, ఆ పీరియడు కంటే మిగతా పీరియడ్లు ఎలా నడుస్తున్నాయన్నదే ఎక్కువ నేర్పుతుంది. లెక్కల క్లాసు కూడా నీతి క్లాసే.

దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్ నగరంలో జరిగింది. అంతవరకూ విడివిడిగా చదువుకుంటున్న తెల్లజాతి, నల్లజాతి, మెక్సికన్ అమెరికన్ పిల్లలను అప్పుడే ఒకే బడుల్లో కలిపారు. కలిపితే స్నేహం కుదురుతుందనుకున్నారు, కొట్లాటలు మొదలయ్యాయి. ఏం చేయాలో చూడమని ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తను పిలిచారు. ఆయన తన విద్యార్థులతో వెళ్ళి తరగతుల్లో కూర్చుని గమనించాడు. టీచరు ప్రశ్న వేస్తుంది, ఆరేడు చేతులు లేస్తాయి, ఒకరికి అవకాశం దక్కుతుంది, మిగతావాళ్ళ ముఖాలు వాడిపోతాయి. పక్కవాడు తప్పు చెప్తే నాకు చాన్సు వస్తుంది. ఇలా రోజంతా ఒకరి ఓటమి మీద ఒకరు ఆశ పెట్టుకునే చోట, అందరితో కలిసిమెలిసి ఉండండి అని ఎంత చెప్పినా ఏం లాభం?

ఆరన్సన్ పిల్లలకు ఉపన్యాసం ఇవ్వలేదు, పాఠం జరిగే పద్ధతిని మార్చాడు. పిల్లలను ఐదారుగురు చొప్పున, అన్ని జాతులవాళ్ళూ కలిసేలా గుంపులు చేశాడు. గుంపులో ఎంతమంది ఉంటే పాఠాన్ని అన్ని ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్క ముక్క ఇచ్చాడు. ఆ ముక్క ఆ పిల్లవాడు చెప్తేనే మిగతావాళ్ళకు తెలుస్తుంది. పరీక్ష మాత్రం మొత్తం పాఠం మీద. ఒక గుంపులో ఇంగ్లీషు సరిగా రాక తడబడే మెక్సికన్ అమెరికన్ అబ్బాయి ఉన్నాడు. మొదట్లో మిగతావాళ్ళు వాడిని వెక్కిరించారు. వెక్కిరిస్తే వాడు ఇంకా బిగుసుకుపోతాడు, వీళ్ళకు పాఠం దక్కదు. కొద్ది రోజుల్లో వాళ్ళంతట వాళ్ళే ఓపిగ్గా వినడం, చిన్న చిన్న ప్రశ్నలు వేసి వాడి చేత చెప్పించడం నేర్చుకున్నారు. ఆ ప్రశ్నల వల్ల వాడికి ధైర్యం వచ్చింది. ధైర్యం వచ్చాక, వాడు మొద్దు కాడని వీళ్ళకు తెలిసింది. కొన్ని వారాలు గడిచేసరికి ఆ తరగతుల్లో ఒకరంటే ఒకరికి ఇష్టం పెరిగింది, వెనకబడిన పిల్లల మార్కులూ పెరిగాయి. దీనికి జిగ్‌సా పద్ధతి అని పేరు. ఇతరుల సంస్కృతిని గౌరవించడమంటే ఏడాదికోసారి వేషాలు వేసుకుని చేసే పండగ అనుకునే బడులకు ఈ కథ తప్పకుండా చెప్పాలి. ఒకరి అవసరం ఒకరికి పడినప్పుడే గౌరవం కుదురుతుంది.

అసలు పిల్లలు బడికి ఖాళీ పలకలా రారు. 1970ల చివర నుంచి ఇలియట్ ట్యూరియల్, లారీ నూచి, జుడిత్ స్మెటానా వంటివాళ్ళు మూడు నాలుగేళ్ళ పిల్లలతో మాట్లాడి ఒక సంగతి గమనించారు. బొమ్మలు ఎక్కడివక్కడ పెట్టకపోవడం తప్పా అంటే తప్పే అంటారు. మరి టీచర్ పరవాలేదు అంటే? అయితే తప్పు కాదు. పక్కవాడిని కొట్టడం తప్పా? తప్పే. టీచర్ పరవాలేదు అంటే? అయినా తప్పే, వాడికి నొప్పి పుడుతుంది కదా! రూలుకూ నొప్పికీ మధ్య తేడా ఆ వయసులోనే తెలుసన్నమాట.

పెద్దవాళ్ళమే ఆ తేడాను చెరిపేస్తాం. యూనిఫాం గుండీ పెట్టుకోని పిల్లకీ, తోటి పిల్లను ఏడిపించిన పిల్లకీ ఒకే గొంతుతో ఒకే శిక్ష. ఏడిపించినప్పుడు ఇది మన బడి రూలుకు విరుద్ధం అనడం కంటే, చూడు, తను ఎలా ఉందో చూడు అనడమే సరైన జవాబని నూచి పరిశోధనలో పిల్లలే చెప్పారు. రెండింటికీ తగ్గట్టు విడిగా స్పందించే టీచర్ మీదే వాళ్ళకు నమ్మకం ఎక్కువ.

బహుమతుల సంగతీ అంతే. 2008లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే ఇద్దరు 20 నెలల పసివాళ్ళతో ఒక ప్రయోగం చేశారు. కింద పడిన వస్తువును అందించినప్పుడల్లా కొందరికి ఆటవస్తువు ఇచ్చారు, కొందరిని మెచ్చుకున్నారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత ఎవరికీ ఏమీ ఇవ్వకుండా చూస్తే, ముందు ఆటవస్తువు అందుకున్నవాళ్ళే మిగతావారికంటే తక్కువ సాయం చేశారు. మంచి పనికి స్టిక్కర్లు, పాయింట్లు పంచే ముందు ఈ ప్రయోగాన్ని ఒకసారి తలుచుకోవాలి.

ఇంగ్లండులో ఈ మొత్తం వ్యవహారం చట్టంలోనే ఉంది. 1944 విద్యా చట్టంలోనే ఆధ్యాత్మిక, నైతిక వికాసం ప్రస్తావన వచ్చింది. 1988 చట్టం సాంస్కృతిక వికాసాన్ని చేర్చింది. 1992 నుంచి బడులను తనిఖీ చేసేవాళ్ళు పిల్లల ఆధ్యాత్మిక, నైతిక, సామాజిక, సాంస్కృతిక వికాసాన్ని కూడా పరిశీలించాలి. ఆధ్యాత్మికం అనగానే మతమేమో అని టెన్షన్ పడేవాళ్ళుంటారు. అక్కడి తనిఖీ శాఖ వివరణ చదివితే, తన గురించీ లోకం గురించీ తెలుసుకోవడంలో ఆనందం, అబ్బురం కలగడం కూడా అందులో భాగమే. మతం ఉన్న పిల్లలకూ లేని పిల్లలకూ సరిపోయే మాట అది.

ఆ అబ్బురాన్ని శాస్త్రం కొలవడం మొదలుపెట్టింది. 2015లో పాల్ పిఫ్ బృందం కాలిఫోర్నియాలో ఒక పని చేసింది. కొందరిని చాలా ఎత్తయిన యూకలిప్టస్ చెట్ల కింద నిలబెట్టి ఒక్క నిమిషం పైకి చూడమంది. మరికొందరిని అక్కడే ఒక భవనం వైపు చూడమంది. అంతలో పరిశోధకుడొకరు పొరపాటున అన్నట్టు పెన్నులు జారవిడిచాడు. చెట్లను చూసినవాళ్ళు ఎక్కువ పెన్నులు ఏరిపెట్టారు. 2023లో 8 నుంచి 13 ఏళ్ళ పిల్లల మీద ఇలాంటి అధ్యయనమే వచ్చింది. అబ్బురం కలిగించే సినిమా ముక్క చూసిన పిల్లలు, మామూలు దృశ్యాలు చూసినవాళ్ళకంటే శరణార్థులకు ఎక్కువ సాయం చేశారు. టెలిస్కోపులో చంద్రుడిని మొదటిసారి చూసిన పిల్లను వెంటనే నోట్సు రాసుకోమనకుండా ఆ నిమిషం అలా వదిలేయడం కూడా బడి చేయాల్సిన పనే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇవన్నీ ప్యాకేజీలుగా కొని బడిలో పెట్టేస్తే పనిచేస్తాయా? 2010లో అమెరికా ప్రభుత్వ విద్యా పరిశోధన సంస్థ, శీల నిర్మాణానికి ఉద్దేశించిన ఏడు కార్యక్రమాలను పరీక్షించి, సగటున చూస్తే పిల్లల ప్రవర్తనలో చెప్పుకోదగ్గ మార్పు లేదని ప్రకటించింది. మరుసటి ఏడాది జోసెఫ్ డర్లాక్ బృందం 213 కార్యక్రమాలకు సంబంధించిన, 2,70,034 మంది పిల్లల సమాచారాన్ని కలిపి చూసింది. ప్రవర్తనతో పాటు చదువూ మెరుగైందని వాళ్ళకు తేలింది. ఈ రెండూ ఎదురెదురుగా కనిపిస్తాయి గానీ, డర్లాక్ లెక్కలోనే ఒక సూచన ఉంది. పిల్లలు కూర్చుని వినడం కాక తామే చేసి సాధన చేసిన కార్యక్రమాలు, ఒక క్రమంలో తగినంత సమయం కేటాయించిన కార్యక్రమాలు ఎక్కువ ఫలితమిచ్చాయి.

కెనడాలోని టొరంటోలో 1996లో మేరీ గోర్డన్ మొదలుపెట్టిన కార్యక్రమంలో అసలు టీచరు ఒక పసిబిడ్డ. కొన్ని నెలల పాపను తల్లి చంకనెత్తుకుని ఏడాది పొడవునా మాటిమాటికీ అదే తరగతికి తీసుకొస్తుంది. దుప్పటి పరిచి పడుకోబెడుతుంది. పిల్లలు చుట్టూ కూర్చుంటారు. పాప ఏడిస్తే ఎందుకు ఏడుస్తోంది? ఆకలా, నిద్రా, మన అరుపులకు భయపడిందా? పాప చెప్పలేదు కాబట్టి పిల్లలే చూసి, ఆలోచించి, ఒకరితో ఒకరు వాదించుకుని కనిపెట్టాలి. బోర్లా పడటం, పాకడం, పళ్ళు రావడం అన్నీ వాళ్ళ కళ్ళ ముందే జరుగుతాయి. ఆ తరగతుల్లో పిల్లల మధ్య దౌర్జన్యం తగ్గిందని అధ్యయనాలు చెబుతున్నాయి. భయపడిందేమో అని ఎవరో ఒకరు అనగానే, ఎవరూ చెప్పకుండానే గదిలో అందరి గొంతులూ తగ్గుతాయి.