ముందు బురద చూడండి, పిట్టల సంగతి తర్వాత

పిల్లలూ,

వచ్చే ఆదివారం మిమ్మల్ని పక్షుల మడుగుకి తీసుకెళ్తున్నానని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఒకప్పుడు నీళ్లన్నీ తోడేసి, చెత్త పోసి, పనికిరాని నేల అని వదిలేసిన చోటట, ఇప్పుడు మళ్లీ నీళ్లు పట్టి బాగుచేశారట. వెనకాల నుంచి చిన్నది "తాతయ్యా, ఎన్ని పిట్టలు కనిపిస్తాయి?" అని ఒకటే గోల. అది నేను చెప్పలేనమ్మా. కానీ అక్కడికి వెళ్లగానే ముందు బురద చూడండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా.

ఇలాంటి చోటు బాగుచేసేవాళ్లు పక్షుల్ని పట్టుకొచ్చి వదలరు. వాళ్ల పనంతా నీటితోనే. నేల ఎండిపోవాలని ఎవరో ఎప్పుడో తవ్విన కాలువలుంటే వాటిని పూడుస్తారు, గట్టు వేసి తూము పెడతారు, అడుగంతా ఒకే లోతు కాకుండా ఒకచోట చీలమండ దాకా, ఒకచోట మోకాలి దాకా, ఇంకోచోట మనిషి మునిగేంత ఉండేలా మట్టి తీస్తారు, మధ్యలో నక్కలూ కుక్కలూ రాలేని దిబ్బలు వదులుతారు. గుర్రపుడెక్క నీటిని కప్పేస్తే ఎండ లోపలికి దిగదు కాబట్టి దాన్ని లాగి పారేస్తారు. మిగతాది చాలావరకు దానంతటదే జరుగుతుంది. జమ్ము, తుంగ లాంటి వాటి విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి పడుకుని ఉంటాయి, అదను దొరకగానే లేస్తాయి. చైనాలో ఎప్పుడో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన తామర గింజ ఒకటి సుమారు 1300 ఏళ్లనాటిది, దాన్ని నానబెడితే మొలకెత్తింది! మొక్కలొస్తే పురుగులు, పురుగులొస్తే చేపలు, వాటి వెనకే పక్షులు. ఫలానా చోట తిండి ఉందని వాటికి ఎవరూ టముకు వేయక్కర్లేదు.

లోతులు ఎందుకు వేరువేరుగా ఉండాలో పక్షుల ముక్కులు చూస్తే మీకే తెలుస్తుంది. అంచున బురద మీద పరుగులు పెట్టే చిన్న పిట్టలది పొట్టి ముక్కు, పైపైన ఉన్న పురుగులే వాటికి అందుతాయి. కాస్త పొడుగు ముక్కువి లోపలికి గుచ్చి వెతుకుతాయి, వాటి ముక్కు కొనకు మన వేళ్లకున్నట్టు స్పర్శ ఉంటుంది, అందుకే కళ్లకు కనపడని పురుగు కూడా దొరుకుతుంది. తెడ్డుమూతి కొంగ నీళ్లలో ముక్కు తెరిచి అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తుంది, ఏదైనా తగిలితే టక్కున మూస్తుంది. కొన్ని బాతులు తల నీళ్లలో ముంచి తోక ఆకాశానికి ఎత్తుతాయి, మీరు నవ్వేది అక్కడే. నీటికాకి పూర్తిగా మునిగి చేప వెంట పడుతుంది, దానికి లోతు కావాలి. మడుగంతా ఒకే లోతు ఉంటే ఒకటి రెండు రకాలు తప్ప మిగతావి ఆకలితో వెళ్లిపోతాయి.

ఒకవేళ మీరు వెళ్లేసరికి నీళ్లు బాగా తగ్గి ఉంటే అయ్యో అనుకోవద్దు. వలస పక్షులు వచ్చే వేళకి బురద బయటపడాలని కావాలనే తూము తెరిచి ఉండొచ్చు.

చిలికా సరస్సు సంగతి కూడా ఇలాంటిదే. సముద్రానికి పోయే దారి ఇసుకతో పూడుకుపోయి, నీళ్లలో ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, చేపలు తగ్గిపోయాయి. 1993లో దాన్ని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలోకి ఎక్కించారు. 2000 సెప్టెంబర్‌లో సముద్రంలోకి కొత్త దారి తవ్వారు, 2002లో ఆ జాబితా నుంచి తీసేశారు. లండన్‌లో అయితే వాడకం అయిపోయిన నాలుగు పాత మంచినీటి రిజర్వాయర్లనే పక్షుల చోటుగా మార్చి 2000లో జనానికి తెరిచారు, అదీ మహానగరం మధ్యలో.

ఇంకొకటి, దీన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 2022లో గాడ్‌విట్ అనే పిట్ట ఒకటి అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మానియా దాకా 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, ఎక్కడా దిగకుండా ఎగిరింది. దాని వయసు అప్పటికి సుమారు ఐదు నెలలు! దానికి ట్రాన్స్‌మిటర్ కట్టారు కాబట్టి లెక్క తెలిసింది. బయల్దేరే ముందు బురదలో పురుగులూ నత్తలూ తిని తిని ఒంట్లో కొవ్వు పట్టిస్తుంది, దారిలో ఖర్చయ్యేది అదే. మనం అరిచి దాన్ని ఒక్కసారి లేపామంటే ఆ మూటలోంచి కొంత అనవసరంగా ఖర్చు పెట్టించినట్టే.

అందుకని పొద్దున్నే వెళ్లండి, సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి, లేకపోతే అన్నీ నల్లని బొమ్మల్లా కనిపిస్తాయి. బ్రెడ్ ముక్కలు వేయొద్దు, వాటికి మంచిది కాదు, నీళ్లలో పడి కుళ్లుతుంది కూడా. గట్టు దిగి నడవొద్దు, నేల మీద గుడ్లు పెట్టే పిట్టలుంటాయి, ఆ గుడ్లు అచ్చం గులకరాళ్లలా ఉంటాయి. ఏదైనా పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోతుంటే దాని వెంట పడకండి, తన పిల్లల దగ్గర్నుంచి మిమ్మల్ని దూరంగా లాక్కెళ్లడానికి అది వేసే నాటకం. మెల్లగా వెనక్కి వచ్చేయండి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టమని మీ నాన్నకి కూడా చెప్పండి. నేనొకసారి పక్షులకు కనపడకుండా దాక్కుని చూసే గదిలో అరగంట కదలకుండా కూర్చుని, తీరా కొంగ చేప మీద గురిపెట్టిన క్షణాన నా జేబులో ఫోన్ మోగింది. కొంగ పోయింది, పక్కనున్న ఆయన నన్ను చూసిన చూపు మాత్రం ఇంకా పోలేదు.

పెద్దోడా, లిస్టులు రాసి టిక్కులు కొట్టడం నీకిష్టమని తెలుసు, కొట్టుకో. కానీ ఒక్క పిట్టని మాత్రం పది నిమిషాలు చూసి, అది ఎంత లోతులో నిలబడింది, ఎలా తింది అనేది బొమ్మ వేసి నాకు పంపు. చిన్నదాని బొమ్మలో కాళ్లు మూడున్నా పర్వాలేదు.

బైనాక్యులర్స్ నానమ్మ బీరువాలో పై అరలో ఉన్నాయి. ఒకటే ఉంది, వంతులేసుకోండి, మొదటి వంతు చిన్నదానిది.

మీ తాతయ్య