ఐదు ఓట్లు, తొమ్మిది ఓట్లు

చిట్టితల్లికీ, బుజ్జిగాడికీ,

అనకాపల్లి నుంచి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నీ ప్రశ్నకు సగం జవాబు చెప్పేసరికి మీ అమ్మ అన్నానికి పిలిచేసింది. మిగతా సగం ఉత్తరం రాస్తానన్నాను కదా, ఇదిగో. తమ్ముడికి నువ్వే చదివి వినిపించు. వాడింకా ఒత్తుల దగ్గర ఆగిపోతున్నాడు.

“తాతయ్యా, ఓపెన్ సీటు అంటే తెరిచి ఉంటుందనా? మరి మిగతా సీట్లకి తాళం వేస్తారా?” అన్నావు.

తాళం వేయరు గానీ, వేసినంత పనే. మీ అమెరికాలో ప్రతినిధుల సభకు, అంటే మన లోక్‌సభ లాంటిదానికి, 435 సీట్లు. రెండేళ్లకోసారి అన్నిటికీ ఎన్నికలు జరుగుతాయి. కానీ ఇప్పటికే ఆ సీట్లో ఉన్నవాళ్లు మళ్లీ నిలబడితే నూటికి తొంభై మందికి పైగా వాళ్లే గెలుస్తారు. పేరు అందరికీ తెలుసు, చందాలిచ్చేవాళ్లు ముందే ఉన్నారు, ఎవరికో పాస్‌పోర్టు పనిలోనో పెన్షన్ పనిలోనో సాయం చేసి ఉంటారు. వాళ్ల మీద సొంత పార్టీవాళ్లే పోటీకి జంకుతారు. అలాంటి మనిషి ‘ఈసారి నేను నిలబడను’ అన్నారనుకో, ఆ సీటు ఓపెన్ అయినట్టు. అన్నాళ్లూ ఊరుకున్నవాళ్లంతా అప్పుడు ఒకేసారి బయటికొస్తారు. సభ్యులెవరైనా మధ్యలో చనిపోతే వచ్చేది వేరే సంగతి. దాన్ని మనం ఉప ఎన్నిక అంటాం.

మీ మౌంటెన్ వ్యూ ఉన్నది కాలిఫోర్నియా 16వ డిస్ట్రిక్టులో, అంటే మన నియోజకవర్గం లాంటిది. అక్కడ అన్నా ఎషూ అనే ఆవిడ 1993 జనవరి నుంచీ సభ్యురాలిగా ఉండేవారు. ఆవిడ మొదటిసారి 1988లో నిలబడి టామ్ క్యాంప్‌బెల్ చేతిలో ఓడిపోయారు. 1992లో ఆయన సెనేట్‌కి, అంటే పై సభకి, పోటీ చేద్దామని ఆ సీటు వదిలేశాడు. అంటే ఆవిడ లోపలికి వచ్చింది కూడా ఓపెన్ సీటు దారినే. ముప్పై ఏళ్లు దాటాక, 2023 నవంబరులో, ఇక చాలన్నారు. మీ నాన్న చదువుకుని, అమెరికా వచ్చి, నిన్ను ఎత్తుకునేంత కాలం ఒకే మనిషి! ఆ కుర్చీ కోసం ఎంతమంది ఎన్నేళ్లు కాచుకుని కూర్చున్నారో నువ్వే ఊహించుకో.

2024 మార్చి 5న ప్రైమరీ. అంటే తొలి వడపోత. అప్పుడు నేను మీ ఇంట్లోనే ఉన్నాను, గుర్తుందా? పక్కింటి అత్తయ్యగారు తపాలాలో వచ్చిన బ్యాలెట్ తెచ్చి మన డైనింగ్ టేబుల్ మీద పరిచారు. ఒక్క సీటుకి పదకొండు పేర్లు. “మాస్టారూ, ఎవరికి వెయ్యమంటారు?” అన్నారు. “ఓటు రహస్యం తల్లీ, నాకు చూపించకు” అన్నాను. నలభై ఏళ్ల అలవాటు మరి, ఎన్నికల డ్యూటీలు చేసిన చేతులివి. ఆవిడ నవ్వి కవరు తిప్పేశారు.

కాలిఫోర్నియా ప్రైమరీకి ఒక పద్ధతుంది. 2010లో జనమే ఓటేసి తెచ్చుకున్నారు. పార్టీకో జాబితా ఉండదు, అందరూ ఒకే కాగితం మీద ఉంటారు. మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్లు ఏ పార్టీ అయినా సరే, నవంబరులో వాళ్లిద్దరే తలపడాలి. ఆ పదకొండు మందిలో శాన్ హోసే మాజీ మేయర్ శామ్ లిక్కార్డో ముందున్నాడు. చిక్కంతా రెండో స్థానం దగ్గర వచ్చింది. రాష్ట్ర అసెంబ్లీ సభ్యుడు ఎవన్ లో (‘లో’ ఆయన ఇంటిపేరు), కౌంటీ సూపర్‌వైజర్ (మన జిల్లా పరిషత్ సభ్యుడి లాంటివాడు) జో సిమిటియన్, ఇద్దరూ నువ్వా నేనా అన్నట్టు. ఒకరోజు ఇతను పది ఓట్లు ముందుంటే మరుసటి రోజు అతను ముందు. మీ నాన్న ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పకుండానే “ఇవాళ ఎంత?” అని అడిగేవాడు, క్రికెట్ స్కోరు అడిగినట్టు. వాడి టెన్షన్ చూస్తే వాడే నిలబడ్డాడేమో అనిపించేది.

లెక్కింపు నెల రోజులు సాగింది. మన దగ్గర ఒక్క పూటలో ఫలితం వచ్చేస్తుంది కదా, వీళ్లకేమైంది అని నేనూ విసుక్కున్నాను. కారణం తర్వాత తెలిసింది. అక్కడ ప్రతి ఓటరుకీ బ్యాలెట్ ఇంటికే వస్తుంది. పోలింగ్ రోజుకల్లా తపాలా ముద్ర పడితే చాలు, ఆ తర్వాత వారం లోపు చేరినా లెక్కలోకి తీసుకోవాల్సిందే. ప్రతి కవరు మీదా సంతకాన్ని పాత సంతకంతో పోల్చి చూస్తారు. తేడా ఉంటే ఓటరుకి కబురు పెట్టి సరిదిద్దుకునే అవకాశం ఇస్తారు.

ఏప్రిల్ తొలివారంలో తేలింది. ఎవన్ లోకి 30,249. జో సిమిటియన్‌కి 30,249.

లక్షా ఎనభై వేల పైచిలుకు ఓట్లు పోలైన చోట ఇద్దరికి సరిసమానం! ఆ సమయానికి ఇక్కడ మన నూకాలమ్మ కొత్త అమావాస్య జాతర. అది తప్పిపోయిందని నాకు మనసులో దిగులుగా ఉండేది. ఈ వార్త విన్నాక కాస్త మర్చిపోయానంటే నమ్ము.

మన దేశంలోనైతే ఓట్లు సమానమైతే రిటర్నింగ్ అధికారి లాటరీ తీస్తాడు, 1951 నాటి చట్టంలోనే రాసి ఉంది. చీటీ ఎవరికి వస్తే వాళ్లకి ఒక ఓటు ఎక్కువ పడినట్టు లెక్క. కాలిఫోర్నియాలో అలా కాదు, రెండో స్థానంలో ఇద్దరున్నారు కాబట్టి నవంబరులో ముగ్గురూ పోటీ చేయవచ్చు. ఎవరికీ అన్యాయం లేకుండా అక్కడితో సరిపోయేది. సరిపోనివ్వలేదు. లిక్కార్డో మేయర్‌గా పోటీ చేసినప్పుడు ఆయన దగ్గర పనిచేసిన ఒకాయన రీకౌంటింగ్ కావాలన్నాడు. ఆ రాష్ట్రంలో ఏ ఓటరైనా అడగొచ్చు, కాకపోతే ఖర్చు అడిగినవాళ్లదే. ఏ రోజుకారోజు వేల డాలర్లు ముందే కట్టాలి. ముగ్గురి పోటీ కంటే ఇద్దరి పోటీ లిక్కార్డోకి మేలని అందరూ గుసగుసలాడారు. ఎవన్ లో రీకౌంటింగ్ వద్దే వద్దన్నాడు.

మే ఒకటో తారీకుకి లెక్క తేలింది. ఎవన్ లో 30,261, సిమిటియన్ 30,256. వద్దన్నవాడే ఐదు ఓట్లతో నిలబడ్డాడు! ఆ రెండు అంకెల్లోంచి పాతవి తీసేసి చూడు, ఒకరికి పన్నెండు, ఇంకొకరికి ఏడు పెరిగాయి. మొదటి లెక్కలోకి రాని ఓట్లవి. చివరికి నవంబరులో లిక్కార్డో గెలిచాడు, 2025 జనవరిలో ప్రమాణం చేశాడు. నిజానికి గెలిచినవాడి కంటే ఆ ఐదు ఓట్ల తేడాతో ఇంటికెళ్లిన సిమిటియనే నాకు ఎక్కువ గుర్తున్నాడు.

ఎందుకో చెప్తాను. 1989లో మన అనకాపల్లి లోక్‌సభ సీటులో కాంగ్రెస్ తరఫున కొణతాల రామకృష్ణ గెలిచారు. ఎన్ని ఓట్లతో అనుకున్నావు? తొమ్మిది. లక్షల ఓట్ల నియోజకవర్గంలో తొమ్మిదే. మన లోక్‌సభ ఎన్నికల చరిత్రలో అంతకంటే తక్కువ తేడా లేదు. 1998లో అప్పటి బీహారులోని (ఇప్పుడు జార్ఖండ్) రాజ్‌మహల్‌లో కూడా సరిగ్గా తొమ్మిదే వచ్చింది. మన 1989 ఎన్నికలో మిషన్లు లేవు, కాగితం మీద ముద్ర వేసేవాళ్లు. నేను ఒక పల్లె బూత్‌లో పోలింగ్ అధికారిని. ఒక ముసలావిడ ముద్ర ఎక్కడ వేయాలో తెలియక లోపల చాలాసేపు ఉండిపోయింది. రెండు గుర్తుల మధ్య గీత మీద పడితే ఆ ఓటు చెల్లదు. లోపలికెళ్లి చూపించడానికి నాకు హక్కు లేదు. బయట ఎండలో లైను కేకలు వేస్తోంది. ఆవిడ ముద్ర ఎక్కడ వేసిందో దేవుడికే తెలియాలి. ఫలితం వచ్చిన రోజు నుంచీ నాకు తొమ్మిది అంటే ఆవిడ ముఖమే.

ఇంకొకటి అడిగావు, నాన్నకి ఓటు లేదు కదా, మరి ఆ సభ్యుడు మనవాడు ఎలా అవుతాడని. మంచి ప్రశ్న. గ్రీన్ కార్డు ఉన్నా పౌరసత్వం లేకపోతే ఓటు లేదు. కానీ పదేళ్లకోసారి జనాభా లెక్కలు తీసి ఒక్కో డిస్ట్రిక్టుకి సుమారు ఏడు లక్షల అరవై వేల మంది చొప్పున గీతలు గీస్తారే, ఆ లెక్కలో ఓటర్లే కాదు, ఉన్నవాళ్లందరూ ఉంటారు. మీ నాన్న, మీ అమ్మ, నువ్వు, ఉయ్యాల్లో పిల్లలు కూడా. ఆ ఆఫీసుకి ఉత్తరం రాసే హక్కు మీ అందరిదీ. ఓటేసే హక్కు మాత్రం మీ ఇంట్లో ముందు నీకే వస్తుందేమో, నువ్వు అక్కడే పుట్టావు కాబట్టి. అది మీ నాన్నకి ఇప్పటినుంచే కొంచెం ఉడుకుమోతుతనం.

పదహారు నిండితే మీ రాష్ట్రంలో ముందే పేరు నమోదు చేసుకోవచ్చు, పద్దెనిమిది రాగానే ఓటరు అయిపోతావు. నీకు పదహారు నిండడానికి ఇంకెంత, పది నెలలే. అందుకని ఒక పని చెప్తున్నాను. పోయిన పుట్టినరోజుకి నాకు పంపిన కార్డు మీద నీ సంతకం ఒకలా ఉంది, ఉగాదికి పంపినదాని మీద ఇంకోలా ఉంది. ఒకదాంట్లో ఐ మీద చుక్క బదులు గుండె బొమ్మ! కౌంటీ ఆఫీసులో కవర్లు చూసే ఆయనకి నీ గుండె బొమ్మ సంగతి తెలియదమ్మా. ఏదో ఒకటి ఖాయం చేసుకుని, ఈ ఉత్తరానికి జవాబు రాసి కింద పెట్టి పంపు. పాత కార్డులు రెండూ బీరువాలోనే ఉన్నాయి, పక్కన పెట్టి చూస్తాను.

బెల్లం అచ్చులు నాలుగు పార్సిల్ చేశాను. తమ్ముడికి ఒకటి ఎక్కువ ఇవ్వు.

ఇట్లు,
మీ తాతయ్య