బీఫ్ కీమా, టోర్టిల్లాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

అర కిలో బీఫ్ కీమా, ఎనిమిది టోర్టిల్లాలు (కీమా నింపుకుని తినే మెక్సికో పలుచటి రొట్టెలు) ఉంటే అరగంటలో నలుగురికి రాత్రి భోజనం సిద్ధం. వంట నేర్పేటప్పుడు నన్ను ఎక్కువమంది అడిగేది కొవ్వు గురించి. నన్నడిగితే ఈ వంటను చెడగొట్టేది నీరు.

అపోహ: కీమాను బాగా కడిగి వండాలి.
వాస్తవం: కడిగినంత మాత్రాన సూక్ష్మక్రిములు పోవు. తుంపరలతో సింకుకూ పక్కనున్న గిన్నెలకూ పాకుతాయి. పైగా కీమా నీరు పట్టి, వేగాల్సింది ఉడుకుతుంది.

అపోహ: ప్యాకెట్ లోపలి భాగం బూడిద రంగులో ఉంటే మాంసం పాడైనట్టే.
వాస్తవం: గాలి తగిలిన పైభాగం ఎర్రగా, తగలని లోపలి భాగం వెలిసినట్టుగా ఉంటాయి. పుల్లటి వాసన, జిగురు ఉంటే మాత్రం పారేయండి.

అపోహ: గరిటెతో ఆపకుండా కలుపుతూ వేయించాలి.
వాస్తవం: చాలా ఇళ్లలో కీమా చప్పగా ఉండటానికి కారణం ఇదే. మాంసంలోని నీరు ఆవిరయ్యేదాకా దాని వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది. కమ్మని వాసననిచ్చే గోధుమ రంగు పొర కట్టాలంటే దాదాపు 140 డిగ్రీలు దాటాలి. అందుకే వెడల్పాటి పెనం బాగా కాలాక కీమాను పలచగా పరిచి, మూడు నాలుగు నిమిషాలు ముట్టుకోకండి. అడుగు ఎర్రబడ్డాక తిప్పి, అప్పుడు చిదపండి. పెనం చిన్నదైతే రెండు విడతలుగా వేయించండి. మూత పెట్టారా, ఆవిరి తిరిగి లోపలికే!

అపోహ: రంగు మారితే ఉడికినట్టే.
వాస్తవం: రంగును నమ్మలేం, పూర్తిగా ఉడకకముందే కీమా గోధుమ రంగుకు తిరగవచ్చు. పెద్ద ముక్కలో క్రిములు ప్రధానంగా పైభాగాన ఉంటాయి, కీమా కొట్టినప్పుడు అవి అంతటా కలిసిపోతాయి. కాబట్టి కొంత కీమాను కుప్పగా చేర్చి థర్మామీటర్ గుచ్చి చూడండి: 71 డిగ్రీలు రావాలి.

అపోహ: ఊరిన కొవ్వంతా వంపేయాలి.
వాస్తవం: ఒకటి రెండు చెంచాలు ఉంచండి. జీలకర్ర, కారం, ఒరెగానో అనే ఎండు ఆకుల సువాసన కొవ్వులోనే బాగా కరుగుతుంది. ఉల్లి, వెల్లుల్లి మగ్గాక ఈ పొడులను అందులో అర నిమిషం వేయించండి. మిగిలిన కొవ్వును సింకులో పోయకండి, గొట్టంలో గడ్డకడుతుంది.

అపోహ: మామూలు మొక్కజొన్న పిండితో టోర్టిల్లా చేసుకోవచ్చు.
వాస్తవం: విరిగిపోతుంది. మెక్సికోలో తరతరాలుగా మొక్కజొన్న గింజలను సున్నం కలిపిన నీటిలో ఉడికించి, నానబెట్టి రుబ్బుతారు. దానివల్లే ముద్ద కట్టుకుంటుంది, గింజలోని నియాసిన్ అనే విటమిన్ కూడా ఒంటికి పడుతుంది. అలా తయారైన పిండిని ‘మాసా’ పేరుతో అమ్ముతారు. పని రోజు రాత్రి ఆ శ్రమ దేనికి? కొన్నవే వాడండి.

అపోహ: కొన్న టోర్టిల్లాలను నేరుగా వడ్డించవచ్చు.
వాస్తవం: తినవచ్చు గానీ, చల్లటి మొక్కజొన్న టోర్టిల్లా మడవగానే చిట్లుతుంది. నూనె లేని పెనం మీద ఒక్కో వైపు అర నిమిషం కాల్చి గుడ్డలో చుట్టి ఉంచండి. టమాటా ముక్కల రసం వంపేసి, తినే ముందే నింపుకోండి. మిగిలిన కీమాను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. టోర్టిల్లాలు మాత్రం విడిగా ఉండాలి.